టోలన్ కౌంటీ గీత

నేను మైకు పట్టుకుంటే హ్యామ్ రేడియో ఇరవై మీటర్ల బ్యాండులో మిగతావాళ్ళు కాస్త పక్కకి జరగాల్సిందే. గొప్పకి చెప్పడం లేదు. నెబ్రాస్కాలో ఏ రేడియో క్లబ్బులోనైనా కనుక్కోండి, లవాన్ కుచెరా నోటికి బ్రేకుల్లేవని వాళ్ళే చెబుతారు. ఏటా వసంతంలో జరిగే మా రాష్ట్రపు రేడియో పోటీలో మా ఆయన డెల్బర్ట్ బండి నడుపుతాడు, నేను పక్క సీట్లో కూర్చుని మాట్లాడతాను. జిల్లాల్లాంటి కౌంటీలు ఒక్కొక్కటే దాటుకుంటూ, ప్రతిచోటి నుంచీ దేశం నలుమూలల ఉన్న రేడియోవాళ్ళని పలకరిస్తూ పోతాం. ఎవరు ఎక్కువ మందిని పలకరిస్తే వాళ్ళదే గెలుపు. ఆ ఆదివారం మధ్యాహ్నానికి అందరికంటే ముందున్నది నేనే.

అయినా నా మనసంతా ఆరిన్ థేయర్ మీదే ఉంది. ఆయన దేశానికి తూర్పు కొసన వెర్మాంట్‌లో ఉంటాడు. దేశంలోని కౌంటీలన్నిటితోనూ మాట్లాడి తీరాలని సగం జీవితం రేడియో ముందే కూర్చున్న మనిషి. మూడు వేల పైచిలుకు కౌంటీల్లో ఆయనకి ఒక్కటే మిగిలింది, మా టోలన్. అక్కడ మనుషులకంటే ఆవులెక్కువ, రేడియో ఉన్నవాడు ఒక్కడూ లేడు. నాలాంటివాళ్ళు బండేసుకుని వెళ్తే తప్ప అక్కడి నుంచి మాట గాల్లోకి లేవదు. నేను వెళ్ళిన రెండుసార్లూ బ్యాండు మొండికేసింది, మాటని అంతదూరం మోయలేదు. ఇప్పుడు ఆరిన్ పెద్దవాళ్ళుండే అపార్ట్‌మెంటుకి మారుతున్నాడు. అక్కడ యాంటెన్నా కట్టనివ్వరు. పాతింటి టవరు విప్పి పట్టుకెళ్ళడానికి మర్నాడు పొద్దున్నే మనుషులొస్తున్నారు. ఈ సాయంత్రం కుదిరితే కుదిరినట్టు, లేకపోతే ఇక జన్మలో లేదు.

"తొక్కవయ్యా! ఏమిటిది, పెళ్ళి ఊరేగింపా?" అన్నాను.

"తొక్కుతూనే ఉన్నా. నీ నోటికున్న స్పీడు ఈ ఇంజనుకి ఎక్కడిదే?" అన్నాడు డెల్బర్ట్, క్యాబేజీ కూరిన బన్ను నములుతూ.

సరిహద్దు గీత మీద బండి ఆపి, ముందు చక్రాలు ఒక కౌంటీలో, వెనక చక్రాలు ఇంకో కౌంటీలో ఉంచితే ఒక్క పలకరింపు రెండు కౌంటీలకీ చెల్లుతుంది. పోటీలో తిరిగేవాళ్ళందరం చేసే పనే అది. ఇసుక దిబ్బల మధ్య టోలన్ పేరున్న ఆకుపచ్చ బోర్డు కనిపించగానే దాని పక్కనే ఆపమన్నాను. అప్పటికే బ్యాండు నీరసిస్తోంది. తూర్పు వాళ్ళ గొంతులు ఒక్కొక్కటే పలచబడుతున్నాయి.

"టోలన్ గీత మీదున్నాను. ఆరిన్ ఒక్కడే రావాలి. మిగతావాళ్ళు నోరు మూసుకోండి!"

అంత గోలా ఒక్కసారిగా ఆగిపోయింది. ఎవరికైనా ఆఖరి కౌంటీ అంటే మాలో మర్యాద అదే, ఎంత పోటీలో ఉన్నా ఆగుతారు.

"ఉన్నానమ్మాయ్, వినిపిస్తున్నావు," అన్నాడు ఆరిన్. నాకు అరవై దాటినా ఆయనకి అమ్మాయినే. ఆయన గొంతు ఎంత గట్టిగా వినిపిస్తోందో అంకెల్లో రిపోర్టు చెప్పాను, ఆయన తిరిగి చెప్పాడు. అంతే, అయిపోయింది. టెక్సాస్ నుంచీ ఒహాయో నుంచీ జనం ఈలలు వేశారు, అభినందనలు కురిపించారు. డెల్బర్ట్ కళ్ళు తుడుచుకుంటూ కిటికీలోంచి బయటికి చూశాడు. నాకు చెప్పలేనంత సంతోషమేసింది.

ఆ సంతోషంలో, పక్క కౌంటీ పేరు ఇంకోసారి సరిచూసుకుందామని ఫోన్‌లో మ్యాపు తెరిచాను.

గీత ముందుంది. కల్వర్టు అవతల, పల్లంలో ఉంది. మా నాలుగు చక్రాలూ పక్క కౌంటీలోనే ఉన్నాయి. బోర్డు గీత మీదే ఉండాలని ఎక్కడా లేదు, గుంజ నిలిచే గట్టి నేల ఎక్కడుంటే అక్కడ పాతేస్తారు. క్లబ్బులో కొత్తవాళ్ళని కూర్చోబెట్టి, బోర్డుని నమ్మకండిరా, మ్యాపు చూసుకున్నాకే మైకు ముట్టుకోండిరా అని అరిచేది ఎవరనుకున్నారు? నేనే. బ్యాండు పోతోందన్న కంగారులో ఆ ఒక్క పనీ మర్చిపోయాను. చెంపలు వాయించుకోవాలనిపించింది.

డెల్బర్ట్ ఫోన్‌లోకి తొంగిచూశాడు. "ఇదిగో, అంతా కలిపి ఫుట్‌బాల్ మైదానమంత దూరం. ఎవరికి తెలుస్తుందే? ఆయన్ని సంతోషంగా ఉండనివ్వరాదూ?"

"ఆయన దగ్గర మిగతావన్నీ నిఖార్సైనవి. చివర్లో దొంగది ఒకటి నేను అంటగట్టనా? జరుగు," అని మైకు తీశాను.

అక్కడింకా అభినందనలు నడుస్తున్నాయి. మధ్యలో దూరాను. "పెద్దాయనా, లవాన్‌ని. ఇందాకటిది కొట్టేయండి. నేను టోలన్‌లో లేను. తప్పు నాదే."

వెంటనే ఒహాయో నుంచి రస్ అనే పాత మిత్రుడు అందుకున్నాడు. "అబ్బ, వదిలేయ్ లవాన్! చక్రం అటో ఇటో. నీ చాదస్తం తగలెయ్య!" అన్నాడు. ఇంకో ఇద్దరు అవునవునన్నారు.

"అందరూ కాస్త ఆగండి," అంది ఆరిన్ గొంతు. "అమ్మాయ్, బండి తియ్యి. నేను ఇక్కడే కూర్చుంటా."

గీత దగ్గరున్న పల్లంలోంచి వెర్మాంట్ దాకా మాట వెళ్ళదు. దాన్ని దాటి లోపల ఎత్తైన ఇసుక దిబ్బ ఒకటి కనిపించింది. దాని మీదికి పశువుల దారి ఉంది. దారికి గేటు ఉంది. డెల్బర్ట్ దిగి గేటు తీశాడు, బండి లోపలికి పోనిచ్చాడు, మళ్ళీ దిగాడు.

"ఇప్పుడెక్కడికయ్యా?"

"గేటు వెయ్యాలిగా! ఆవులు రోడ్డెక్కితే నువ్వొచ్చి తోలుతావా?"

గేటు వేసి, గొలుసు తగిలించి తీరిగ్గా వచ్చాడు. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. కానీ ఆ ఇసుకలో చక్రం కూరుకుపోకుండా, బండిని ఒక్క ఊపులో దిబ్బ మీదికి ఎక్కించాడు చూడండి, అలాంటి డ్రైవరు ఇంకొకడు లేడు. పైన ఇద్దరం కలిసి మ్యాపు చూశాం. చుట్టూ ఎటు చూసినా టోలనే.

పిలిచాను. ఉత్త గురగుర. మళ్ళీ పిలిచాను.

"నాకు లీలగా వినిపిస్తున్నావు," అన్నాడు రస్. "ఆయనకి నేను అందించనా?"

"వద్దు. ఆయన చెవిన పడాల్సింది నా మాటే." ఇంకొకరు మోసుకెళ్ళిన మాట మాలో చెల్లదు. రస్‌కి కూడా తెలుసు, జాలికొద్దీ అడిగాడు.

పోటీ ముగింపుకొచ్చింది. చిట్టచివరి నిమిషాల్లో ఎవరికి వాళ్ళు ఎగబడి లెక్క పెంచుకునే వేళ. అయినా మా ఫ్రీక్వెన్సీ మీద ఒక్కరూ నోరెత్తలేదు. నేను ఇంకో ఫ్రీక్వెన్సీకి మారి నలుగురిని పలకరించుకుంటే గెలుపు నాదే. పోతే పోయింది. గెలుపు వచ్చే ఏడాది ఎలాగూ తెచ్చుకుంటాను, నాకు ఆ నమ్మకం ఉంది. ఆయనకి వచ్చే ఏడాది లేదు. డెల్బర్ట్ చేత బండి మీది యాంటెన్నాని కాస్త సరిచేయించి మళ్ళీ పిలిచాను.

గురగుర అడుగున ఏదో కదిలింది. "...న్నావు... వినిపిస్తున్నావమ్మాయ్!"

రిపోర్టు చెప్పాను. ఆయన తిరిగి అప్పజెప్పాడు, ఒక్క అంకె తప్పకుండా. "టోలన్ నుంచే, పెద్దాయనా! నాలుగు చక్రాలూ టోలన్‌లోనే! అయిపోయాయి, అన్నీ అయిపోయాయి!" అని కేక పెట్టాను. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. డెల్బర్ట్ డాష్‌బోర్డు మీద దబదబా బాదాడు.

ఆయన ఇంకేదో అంటున్నాడు. చెవి ఆనించి విన్నాను.

"అమ్మాయ్... అక్కడ ఎలా ఉంటుంది?"

ఇన్నేళ్ళలో పోటీ మధ్య నన్నెవరూ అలా అడగలేదు. అడిగినా జవాబిచ్చేదాన్ని కాదు.

"గడ్డి ఉంది," అన్నాను. "ఇప్పుడిప్పుడే పచ్చబడుతోంది. ఒక గాలిమర ఉంది, దాని కింద నీళ్ళతొట్టి ఉంది. నల్లావులు, పక్కన దూడలు. మా ఆయన ప్యాంటు నిండా పల్లేరుకాయలు, పీక్కుంటున్నాడు. ఇల్లన్నది కనుచూపుమేర లేదు. ఎండ పసుపుపచ్చగా దిబ్బల మీద పడుతోంది, వింటున్నారా?"

జవాబు లేదు. గురగుర మాత్రం ఉంది. బ్యాండు మూసుకుపోతోంది.

"ఇంకా వినిపిస్తోందంటావా?" అన్నాడు డెల్బర్ట్ మెల్లగా.

"మనవైపు నుంచి ఎందుకు ఆపాలి?" అన్నాను. "నువ్వు నాకంటే పొడుగు కదా, బండెక్కి చూడు. ఆ దిబ్బ అవతల ఏముందో చెప్పు."

డెల్బర్ట్ బండి మీదికెక్కాడు. "చిన్న చెరువు. బాతులున్నాయి," అన్నాడు.

"పెద్దాయనా, అవతల చెరువుందట," అని మైకులో చెప్పాను. "బాతులు కూడా ఉన్నాయట."