గడపకు అడ్డంగా

నా మోకాలికి నూనె రాస్తూ కోడలు ఇంగ్లీషు మాటలు అప్పజెబుతోంది. ఇంప్రిజన్‌మెంట్, డిటెన్షన్, క్యాప్టివిటీ, కన్‌ఫైన్‌మెంట్, కస్టడీ. పొద్దుటి నుంచి ఆమె కూర్చోవడం ఇదే మొదలు, ఇదీ పనే. కోర్టులో అనువాదకురాలి ఉద్యోగానికి పరీక్ష రాసి నెగ్గింది. శిక్షణ వేరే ఊళ్ళో, ఆరు నెలలు. వస్తున్నదీ లేనిదీ రేపటిలోగా తెలియజేయాలి. ఇంట్లో ఇంకా ఏదీ తేలలేదు. చదవడం మాత్రం మానలేదు.

"అన్నిటికీ నిర్బంధం అనేస్తే సరిపోదూ అత్తయ్యా?"

"జడ్జీగారు ఊరుకోరు అమ్మాయ్."

ఊళ్ళోని కాలేజీలో పదవీ విరమణ దాకా ఇంగ్లీషు చెప్పినదాన్ని. ఓపిగ్గా విడమరిచాను. శిక్ష పడినవాడిది ఇంప్రిజన్‌మెంట్. శిక్ష పడకుండానే విచారణ పేరుతో ఆపి ఉంచితే డిటెన్షన్. అల్లరి చేసిన పిల్లను బడి విడిచాక కూర్చోబెట్టినా ఆ మాటే వాడతారు. శత్రువుకు చిక్కిన సైనికుడిదీ, బోనులో పుట్టిన పులిదీ క్యాప్టివిటీ. కన్‌ఫైన్‌మెంట్ అనాలంటే చోటు ఇరుకై ఉండాలి. ఒకప్పుడు పురిటికీ ఆ మాటే వాడేవారు. కస్టడీ తీరు వేరు. దొంగను పోలీసులు ఉంచుకున్నా అదే, విడిపోయిన భార్యాభర్తల్లో ఒకరు బిడ్డను దగ్గర పెట్టుకున్నా అదే.

"మరి ఇంటిపట్టున ఉండిపోయినవాళ్ళకి ఏ మాట వాడతారు?" అంది, చెయ్యి ఆపకుండా.

ఆ మాట కోసం వెతుకుతుండగానే నూనె వెచ్చదనానికి కళ్ళు మూతలు పడ్డాయి. ఒక్కో మాటకు ఒక్కో గది ఉన్న పొడవాటి ఇంట్లో నడుస్తున్నాను. ఒక గదికి ఇనుప చువ్వలు. ఇంకో గదిలో బల్ల మీద కాళ్ళూపుతూ కూర్చున్న బడిపిల్ల. మరోదానికి మెత్తటి పరదాలు. చివరి గది తలుపు బార్లా తెరిచి ఉంది, గొళ్ళెమైనా లేదు. గడపకు అడ్డంగా ఒక ముసలామె నిద్రపోతోంది. లోపల ఒక యువతి చెప్పులు చేత్తో పట్టుకుని, పడుకున్న మనిషిని దాటడం మర్యాద కాదని, ఆమె లేచేదాకా ఆగింది. జుట్టు నెరుస్తున్నా ఆగే ఉంది. ఆ ముసలామె మా అత్తగారే అనుకున్నాను.

అలా అనుకోవడానికి కారణముంది. పరిశోధన కోసం దూరపు విశ్వవిద్యాలయం నన్ను పిలిచిన ఏడు నా భర్త గొంతైనా పెంచలేదు. "వెళ్ళొద్దని నేనెందుకంటాను? అమ్మ గుండె సంగతి ఒక్కసారి ఆలోచించుకో, అంతే" అన్నారు. ఆలోచించుకున్నాను, ఉండిపోయాను. ఆ బలహీనమైన గుండె, ఆయన గుండె ఆగిపోయాక కూడా పదకొండేళ్ళు కొట్టుకుంది. నన్ను ఉండమని అత్తగారు ఒక్కనాడూ అనలేదు. ఆవిడను ఎవరూ అడగనూ లేదు.

సాయంత్రం కొడుకు వచ్చాడు. బూట్లు విప్పుకుంటూ, భార్య పుస్తకాల వైపు చూసి, "వెళ్ళొద్దని నేనన్నానా? అమ్మ మోకాళ్ళ సంగతి చూసుకోమన్నాను, అంతేగా" అన్నాడు.

అదే వాక్యం. గుండె ఉన్న చోట మోకాళ్ళు చేరాయి. నిద్రలో నేను చూసిన ముఖం ఎవరిదో అప్పుడు తెలిసింది. నన్ను అక్కడ పడుకోబెట్టింది వీడే కావచ్చు. లేవకపోవడం మాత్రం నా పనే. వెచ్చటి చేతులు ఎవరికి చేదు?

"ఒరే, నా మోకాళ్ళకో దారి చూశాను," అన్నాను. "మీ పిన్ని ఎన్నాళ్ళ నుంచో రమ్మంటోంది. జన్మంతా నర్సుగా చేసిన మనిషి, ఇప్పుడు సేవ చేద్దామంటే ఇంట్లో రోగి లేక అల్లాడిపోతోంది. రేపు దాని దగ్గరికి వెళ్తున్నాను."

వాడి ముఖంలో ఊరట కోసం వెతికాను. నా మోకాళ్ళే కారణమైతే, అవి ఇల్లు దాటగానే అభ్యంతరమూ దాటిపోవాలి. తర్కం ప్రకారం అంతే.

ఒక బూటు కాలికి, ఒకటి చేతిలో.

"అయితే," అన్నాడు చివరికి, "నా భోజనం సంగతో?"

కోడలు నా వైపు గాని, వాడి వైపు గాని చూడలేదు. కుర్చీ ఎక్కి అటక మీది పెట్టె దించి, దుమ్ము దులిపి గోడవార పెట్టింది. మళ్ళీ ఎక్కింది, రెండో పెట్టె కోసం.