యాభై చుట్ల పడుగు

జమ్మలమడుగు నేతగాళ్ల వీధిలో పొద్దు పొడవగానే జరిగే పని ఒకటే. మునెమ్మ తన ఇంటిముందు చల్లిన కల్లాపి ఆరకముందే వీధి పొడుగునా వరసగా కర్రలు పాతేది. దూదేకుల మౌలాలి కూతురు హజరాబీ కొంగు నడుముకు దోపి, చేతుల్లో నూలు కండెలు పట్టుకొని ఆ కర్రల వెంబడి నడక మొదలుపెట్టేది. ఈ చివరనుంచి ఆ చివరకు పోవాలి, మళ్లీ వెనక్కి రావాలి. పోయిన పోగు, వచ్చిన పోగు కలిపితేనే లెక్కలో ఒకటి. అట్లా వందలసార్లు తిరిగితే మగ్గానికి నిలువు పోగులయ్యే ఒక పడుగు తయారవుతుంది. మగ్గం మీద కూర్చుని నేసేవాణ్ణి నేతగాడంటారు. వాడికోసం రోజూ ఐదారు మైళ్లు నడిచే ఆడదాన్ని ఏమంటారో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచనూ లేదు.

హజరాబీ నడుస్తుంటే చేతిలోని నూలే కాక, కుడి మడమ నుంచి కూడా ఒక దారం వచ్చేది. తెల్లగా, సన్నగా, వేసిన అడుగు వెంబడే నేల మీద పడేది. "పుట్టినప్పటినుంచి నేను ఏకిన దూది దుమ్ములోనే పెరిగింది గదా, అందుకే," అనేవాడు మౌలాలి. వీధివాళ్లు ఆ దారంతో కనకాంబరాలు కట్టుకునేవారు, చినిగిన సంచులు కుట్టుకునేవారు. ఊరికే నడిస్తే అది రాదు. పని చేపట్టి అడుగు వేస్తే వస్తుంది, పని పూర్తయిన చోట దానంతట అదే తెగుతుంది. నేల మీంచి చుట్టి తీసిందాకా కత్తెర పెట్టినా తెగదు.

పడుగు పోసేటప్పుడు కొన్ని కట్టుబాట్లున్నాయి. పోసే మనిషిని పలకరించకూడదు, లెక్క తప్పుతుంది. మొదలుపెట్టింది సగంలో వదలకూడదు. పరిచిన పడుగును ఎవరూ దాటకూడదు. మిగతావాళ్ల పడుగు దాటకపోవడం మర్యాద. హజరాబీ దారం దాటడం మాత్రం ఎవరివల్లా అయ్యేది కాదు. దాన్ని చుట్టి తీసిందాకా, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయేది. కొత్తగా వచ్చిన పోలీసు జవాను ఒకడు విసురుగా దాటబోయి ముప్పావుగంట ఒంటికాలి మీద నిలబడ్డాడు. మునెమ్మ అతనికి మజ్జిగ ఇచ్చింది గానీ పడుగు ఆపలేదు.

ఆంధ్రప్రదేశ్ వచ్చి మూడేళ్లు దాటేసరికి ప్రొద్దుటూరులో పడుగు పోసే మిషను పెట్టారు. వీధిలో కర్రల వరసలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. ఇంకా చేతిపడుగే కావాలనేవాళ్ల కోసం, ఉన్న కొద్ది పడుగులనూ హజరాబీయే మూటగట్టి బస్సులో ప్రొద్దుటూరు తీసుకుపోయేది. ఒకరోజు బస్సు తప్పిపోయింది. ఆమె మూట నెత్తిన పెట్టుకొని పన్నెండు మైళ్లూ పరిగెత్తింది. ఊరి పొలిమేరల్లో ఆ బస్సునే దాటేసింది.

ఆ బస్సులో, మెడలో ఈలతో, డ్రిల్లు మాస్టరు ఆదినారాయణ ఉన్నాడు. దిగీదిగగానే ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మా, బస్సును దాటుకోని వస్తివే! యాడనుంచి వస్తాండావు?"

"జమ్మలమడుగు నుంచి, ఐవారూ. బస్సు పోయింది. తొమ్మిదికల్లా పడుగు ఇయ్యాల."

"ఆయాసం రాలేదా?"

"ఆయాసమెందుకు? రోజూ చేసే పనే గదా. ఈడ మళ్లీ మళ్లీ వెనక్కి తిరిగే బాధ కూడా లేదు."

ఆదినారాయణ ఆమె మడమ నుంచి నేల మీదికి సాగిన దారాన్ని చూశాడు. దాన్ని దాటలేక అవతలే ఆగిపోయిన జట్కాను చూశాడు. దాని గురించి ఏమీ అడగలేదు. ఏ తరగతి దాకా చదివావని మాత్రం అడిగాడు. ఎనిమిది అంది.

నెల తిరక్కుండానే ఆమెను పులివెందులలో జరిగే జిల్లా ఆటలపోటీలకు పిలిపించాడు. అక్కడ ఆడవాళ్లకు పెట్టిన పందెం ఒక్కటే. నోట్లో చెంచా పట్టుకొని, చెంచాలో నిమ్మకాయ పెట్టుకొని, అది కింద పడకుండా యాభై గజాలు నడవాలి. తలమీద రెండు బిందెలు, చంకలో బిడ్డతో వంకలు దిగి నీళ్లు తెచ్చే ఆడవాళ్ల జిల్లాలో, పెద్దమనుషులు ఆలోచించి ఆలోచించి తేల్చిన పందెం ఇది. హజరాబీ నిమ్మకాయను కొంగున ముడేసుకొని, మగవాళ్ల పరుగు మొదలయ్యే గీత దగ్గరికి పోయి నిలబడింది. ఎనిమిది చుట్లు. అది పని కాదు గనక దారమూ రాలేదు, ఆమె లెక్కా పెట్టలేదు. లింగాల నుంచి వచ్చిన ఒక యువకుడు తప్ప మిగతావాళ్లందరూ ఆమె వెనకే వచ్చారు. ఆ యువకుడికి కప్పు ఇచ్చారు. రెండో స్థానం కప్పు మూడోవాడికి ఇచ్చారు. హజరాబీని ఆ నిమ్మకాయ ఉంచుకోమన్నారు, నవ్వుతూ.

ఆదినారాయణకు ఒళ్లు మండింది. ఆ మంటలో రాసిన ఉత్తరాలకు లెక్కలేదు. ఆరు నెలలకు ఒకదానికి జవాబొచ్చింది. మద్రాసులో నాలుగైదు దేశాల వాళ్లు కలిసి జరిపే పరుగుపందేల్లో, మొట్టమొదటిసారి ఆడవాళ్లకు ఇరవై ఐదు చుట్ల పరుగు పెడుతున్నారట. పెడుతున్నది కూడా ఒక పరీక్షగానట. వాళ్లు పరిగెత్తగలిగితే పందేల పుస్తకంలో ఎక్కిస్తారు. లేకపోతే ఇంకెప్పుడూ అడగొద్దు.

ఎర్రగుంట్లలో రైలెక్కాక ఆదినారాయణ అసలు సంగతి చెప్పాడు. "ప్రొద్దుటూరు ఆడపిల్లల బడికి డ్రిల్లు టీచరు ఉద్యోగం వచ్చింది. నీకు ఎనిమిదో తరగతే గదా, అందుకని కాదంటాండారు. ఇట్లాంటి పెద్ద పందెం పూర్తి చేసినట్టు సర్టిఫికెట్ ఉంటే కాదనలేరు. గెలవకపోయినా ఫరవాలేదు పాపా, ముగించితే చాలు."

"ఇరవై ఐదే గదా, ఐవారూ?" అంది హజరాబీ.

"ఇరవై ఐదే."

పక్కన కూర్చున్న మునెమ్మ వక్కాకు నములుతూ తల ఊపింది. పెళ్లికాని పిల్లను ఒంటరిగా అంతదూరం పంపలేక మౌలాలి ఆమెను తోడు పంపాడు. ఆమె సంచిలో జొన్నరొట్టెలు, ఊరిమిండి పచ్చడి, దారం చుట్టే వెదురు చట్రం ఉన్నాయి.

మద్రాసు మైదానంలో పందేల కార్యదర్శి బల్ల, గుండ్రటి బాటకు లోపల, గడ్డి మధ్యలో షామియానా కింద ఉంది. ఆయన తెలుగువాడే. మద్రాసులో స్థిరపడి, మాట నున్నగా చేసుకున్నవాడు. పొద్దున హజరాబీ పేరు రాయించడానికి పోయిన ఆదినారాయణ, ఆ బల్ల మీద ఒక టైపు కాగితం చూశాడు. అది ఆనాటి పందెం రిపోర్టు. 'ఏ స్త్రీ కూడా పరుగును పూర్తి చేయలేకపోయినది. పలువురు సొమ్మసిల్లి పడిపోయిరి. ఇంత దూరము స్త్రీ శరీరమునకు తగదు.' కింద సంతకం కూడా ఉంది. తేదీ ఒక్కటే ఖాళీగా ఉంది.

బయటికి వచ్చి మునెమ్మను పక్కకు పిలిచి సంగతి చెప్పాడు.

"ఇంకా పరిగెత్తనే లేదు, అప్పుడే పడిపోయినారా?" అంది మునెమ్మ.

"పాపకు చెప్పొద్దక్కా."

"నేనెందుకు చెప్తా? పడుగు పోయబోయే మనిషితో ఎవరన్నా మాట్లాడతారా?"

పన్నెండుమంది ఆడవాళ్లు గీత మీద నిలబడ్డారు. జపాన్, బర్మా, సిలోన్ దేశాల నుంచి వచ్చినవాళ్లు, మన దేశంలోని నాలుగు రాష్ట్రాల వాళ్లు. మిగతా పదకొండుమంది కాళ్లకూ బూట్లున్నాయి. హజరాబీ చీర గోచిపోసి, వట్టి కాళ్లతో నిలబడింది. తుపాకి పేలింది. దారం పడటం మొదలైంది.

పది చుట్ల దాకా అంతా సవ్యంగా జరిగింది. అప్పుడు కార్యదర్శి ఆవులించి, కాఫీ తాగుదాం రమ్మని చుట్లు లెక్కపెట్టే ఉద్యోగిని పిలిచాడు. "ఆడవాళ్ల పరుగేగా, ఎక్కడికి పోతారు?" అన్నాడు. ఇద్దరూ షామియానా వెనక్కి పోయి, కాఫీ తాగి, ఊరి సంగతులు చెప్పుకొని తిరిగి వచ్చేసరికి ఎన్నో చుట్టు నడుస్తోందో ఇద్దరికీ తెలియలేదు. కార్యదర్శి గడియారం చూశాడు. ముఖ్య అతిథి కారు వచ్చే వేళయింది. "గంట కొట్టి ఆపేయండి. ఇరవైకి మించి అయి ఉండదు," అన్నాడు.

గంట మోగింది. జవాన్లు బాటకు అడ్డంగా చేతులు చాపారు. జపాన్ అమ్మాయి వేళ్లు చూపించి ఇంకా ఉన్నాయని ఏదో చెప్పబోయింది. ఆమె చెయ్యి పట్టి బయటికి పంపారు. పదకొండుమందీ ఆగిపోయి బాట బయట నిలబడ్డారు. వాళ్లలో ఒక్కరూ సొమ్మసిల్లలేదు. కోపంతో ఒగరుస్తున్నారు, అంతే. కార్యదర్శి టైపు కాగితం తీసి తేదీ వేశాడు.

హజరాబీ ఆగలేదు. పడుగు పోసేటప్పుడు ఆమెకు గంటలు వినబడవు. జవాన్లు పట్టుకోబోయారు గానీ, దారం దగ్గరికి వచ్చేసరికి వాళ్ల కాళ్లు గాల్లోనే నిలిచిపోయాయి. ఆమె పోతూనే ఉంది. ఆదినారాయణ వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టాడు. ఇరవై మూడు. ఇరవై నాలుగు. ఇరవై ఐదు! చేతులెత్తి ఎగిరాడు. హజరాబీ గీత దాటి, అదే ఊపున ముందుకు పోయింది.

"అయ్యో! అయిపోయింది పాపా, ఆగు!"

మునెమ్మ ఆయన చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "ఆగదులే, ఐవారూ. నువ్వు ఇరవై ఐదు అంటివి. ఆయమ్మి మన లెక్క పోస్తాంది. పోయింది, వచ్చింది కలిపితే ఒకటి. ఇప్పటికి పన్నెండున్నరే అయింది."

ఆదినారాయణ ముడిచిన వేళ్లను విప్పి మళ్లీ లెక్కేశాడు. బాట గుండ్రం, వెనక్కి తిరిగేది లేదు. కాబట్టి రెండు చుట్లు ఒకటి. ఇరవై ఐదంటే యాభై. పన్నెండు మైళ్లు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు.

జనం మొదట నవ్వారు. ముప్పై చుట్లు దాటాక లేచి నిలబడ్డారు. ముఖ్య అతిథి వచ్చి బాట అవతలే ఆగిపోయాడు, లోపలికి పోలేక. కార్యదర్శి, కాఫీ తాగిన ఉద్యోగి, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు బయటికి రాలేక షామియానాలోనే ఉండిపోయారు. ఎండ నడినెత్తికి వచ్చింది. హజరాబీ యాభయ్యోసారి గీత దాటింది. దారం తెగింది. ఆమె నిలబడి, ముఖం తుడుచుకొని, మునెమ్మ దగ్గరికి నడిచి వచ్చింది.

"ఇరవై ఐదూ అయినాయా, అత్తా?"

"అయినాయి తల్లీ. నీళ్లు తాగు."

మగవాళ్ల పరుగు మొదలుపెట్టాలి. కానీ బాట మీద దారం ఉంది. కత్తెరలు తెచ్చారు, తెగలేదు. లోపలినుంచి కార్యదర్శి కేకేశాడు. "ఏమమ్మా, ఆ దారం తీయించండి! మా భోజనాల వేళ దాటిపోతోంది."

మునెమ్మ గీత దగ్గర చతికిలబడి వెదురు చట్రం ఒళ్లో పెట్టుకుంది. "తీస్తానప్పా. చుట్టు చుట్టుకూ లెక్క చెప్తా, రాసుకో." తెగిన కొస పట్టి చుట్టసాగింది. దారం బాటంతా పాకుతూ ఆమె చేతిలోకి వచ్చింది. ఒకటి, అంది. జనమూ ఒకటి అన్నారు. రెండు, అన్నారు. ఇరవై ఐదు దాకా అరిచారు. అక్కడ మునెమ్మ చెయ్యి ఆపింది.

"ఇప్పుడు చెప్పప్పా. ముగించిందా, లేదా?"

కార్యదర్శి నియమాల పుస్తకం తిరగేశాడు. ఆయన ముఖం వికసించింది. "నిర్ణయించిన దూరం ఇరవై ఐదు చుట్లు. ఆవిడ నిర్ణీత దూరాన్ని ఉల్లంఘించింది. అందుచేత అనర్హురాలు."

కొంచెం చేస్తే చేతకాదంటారు. ఎక్కువ చేస్తే ఉల్లంఘన అంటారు. ఆడదాని పనికి సరైన కొలత ఏ పుస్తకంలో రాసి ఉందో ఆ పుస్తకాన్ని నేను ఇప్పటిదాకా చూడలేదు. మునెమ్మ కూడా చూడలేదు. ఆమె చట్రాన్ని పక్కన పెట్టి, వక్కాకు సంచి విప్పింది.

"సరేనప్పా. మీ లెక్క ఇరవై ఐదు గదా, మీ ఇరవై ఐదూ చుట్టేసినా. మిగిలిన ఇరవై ఐదు మీ పుస్తకంలో ల్యావు. లేనిదాన్ని నేనెట్ల చుట్టేది? మీరే దాటుకోని రాండి."

నలుగురూ లేచారు. నలుగురూ ఒక్కో కాలు ఎత్తారు. నలుగురూ అట్లాగే నిలబడిపోయారు. బాట బయట పదకొండుమంది ఆడవాళ్లు నీడలో కూర్చుని, మునెమ్మ పంచిన జొన్నరొట్టెలు తింటూ చూశారు.

ఇంకో అరగంటకు కార్యదర్శి గొంతు పీలగా వచ్చింది. "ఏం రాయమంటారు?"

మునెమ్మ అప్పుడు హజరాబీకి ఆ టైపు కాగితం సంగతి చెప్పి, ఆమె వైపు చూసింది. హజరాబీ బాట అంచుకు వచ్చి నిలబడింది.

"ఆ టైపు కాగితం చించు సారూ. నేను ముగించినానని రాయి. ఈ పదకొండుమంది పేర్లూ రాయి. వాళ్లు పడిపోలేదు, మీరు ఆపినారు. అట్లనే రాయి."

"నీ సర్టిఫికెట్ సంగతి..."

"ముందు వాళ్లది."

ఒంటికాలి మీద నిలబడి రాయడం కష్టం. అయినా ఆయన రాశాడు. పన్నెండు పేర్లు, చించేసిన కాగితం వెనకవైపు కాదు, కొత్త కాగితం మీద. కింద నలుగురూ సంతకం చేశారు. ఉద్యోగి దాన్ని గట్టిగా చదివి వినిపించాక మునెమ్మ చట్రం చేతికి తీసుకుంది. ఇరవై ఆరు, అంది. జనం అందుకున్నారు.

ఆ మరుసటి ఏటినుంచి పందేల పుస్తకంలో ఆడవాళ్ల ఇరవై ఐదు చుట్ల పరుగు ఉంది.

హజరాబీ ప్రొద్దుటూరు ఆడపిల్లల బడిలో చేరిన మొదటిరోజు, ఆటల గదిలోంచి ప్యూను ఒక బుట్ట తెచ్చి ముందు పెట్టాడు. అందులో డజను చెంచాలు, డజను నిమ్మకాయలు ఉన్నాయి. ఆమె ఈల ఊది పిల్లలందరినీ మైదానం చుట్టూ పరిగెత్తి రమ్మని పంపింది. వాళ్లు తిరిగి వచ్చేలోపల నిమ్మకాయలన్నీ కోసి కుండలోని నీళ్లలోకి పిండి, ఉప్పు వేసి, ఒక చెంచాతో కలిపి ఉంచింది.