నూట పన్నెండు గంటలు

ట్యాంకు మూడుసార్లు కడగాలి. మొదట మామూలు నీళ్ళతో, తర్వాత సబ్బుపొడి వేసి, ఆఖరున మళ్ళీ మామూలు నీళ్ళతో. గొట్టాల్లో చుక్క కూడా మిగలకూడదు. పొద్దున ఒకరి పొలంలో గడ్డిమందు కొట్టి, కడగని ట్యాంకుతో సాయంత్రం ఇంకొకరి పత్తి మీద కొడితే, ఆ పత్తి ఆకు ముడుచుకుపోయి ఇక లేవదు. ఇవన్నీ డ్రోన్ ట్రైనింగ్‌లో నేర్పారు. నేర్పింది నాకు. లైసెన్స్ నా పేరు మీద ఉంది, దాని మీద బిగుసుకుపోయి చూస్తున్న ఫొటో కూడా నాదే. చందర్లపాడు పొలాల మీద దాన్ని ఎగరేసేది మాత్రం మా ఆయన నవీన్‌బాబు. నేను కడుగుతాను.

ఆ రోజు కూడా పెరట్లో రెండోసారి కడుగుతుండగా ఫోన్ మోగింది. మాకు ట్రైనింగ్ ఇచ్చిన గ్రేసీ మేడమ్. సబ్బు చేతుల్తోనే ఎత్తాను.

"సింధూరా, ఎంత సంతోషంగా ఉందో తెలుసా! మా దగ్గర నేర్చుకున్న ఆడవాళ్ళలో, ట్రైనింగ్ అయ్యాక నువ్వు ఎగరేసినన్ని గంటలు ఇంకెవరూ ఎగరెయ్యలేదమ్మా. నూట పన్నెండు! వంద దాటినవాళ్ళని మా సెంటర్లో ట్రైనర్‌గా తీసుకుంటున్నాం. శుక్రవారం పొద్దున నందిగామ దగ్గర డెమో. నూట యాభై మంది ఆడవాళ్ళొస్తున్నారు. నువ్వు ఎగరేసి చూపించాలి. అక్కడే నీ పేరు చెప్పేస్తా."

"సరే మేడమ్" అన్నాను. ఫోన్ పెట్టేశాక అక్కడే చప్టా మీద కూర్చుండిపోయాను. ట్యాంకులోంచి సబ్బునీళ్ళు కారి చీర తడిసిపోయినా లేవలేకపోయాను.

ఎందుకంటే ఆ నూట పన్నెండు గంటల్లో నావి తొమ్మిది నిమిషాలు.

మిగతావన్నీ ఆయనవి. డ్రోన్ లేవాలంటే ముందు రిమోట్‌లో నా పేరుతో లాగిన్ అవ్వాలి. అంకెలు నా ఫోన్‌కి వస్తాయి. పొద్దున్నే ఆయన వీధిలోంచి "సింధూ, ఓటీపీ!" అని కేకేస్తే, నేను పొయ్యి దగ్గర దోసె తిరగేస్తూ అంకెలు అరిచి చెబుతాను. ఆ తర్వాత సాయంత్రం దాకా చేల మీద తిరిగేది నా పేరు. నేను మాత్రం దోసెలయ్యాక బ్యాటరీలు చార్జింగ్ పెట్టి, మందు కలపడానికి నీళ్ళ డ్రమ్ములు నింపి, చేలోకి క్యారేజీ పంపి, సాయంత్రం ట్యాంకు కడుగుతాను.

మొదట్లో ఇలా లేదు. మా డ్వాక్రా సంఘానికి డ్రోన్ వస్తుందన్నప్పుడు డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే. ట్రైనింగ్‌కి వెళ్ళనిచ్చారు. అక్కడ మూడోరోజు గ్రేసీ మేడమ్ నా మెడలో రిమోట్ వేసి పక్కకి తప్పుకుంది. రిమోట్ మీద రెండు పుల్లలుంటాయి. ఎడమ పుల్ల పైకంటే లేస్తుంది, కిందికంటే దిగుతుంది. కుడిది ముందుకీ వెనక్కీ, పక్కలకీ. ఎడమ పుల్లని ఇంతే, ఇంతంటే ఇంతే కదిపాను. అంత పెద్ద యంత్రం దుమ్ము లేపుకుంటూ పైకి లేచి, నా తల ఎత్తున ఆగి నిలబడింది. పుట్టి ముప్పై నాలుగేళ్ళు. జగ్గయ్యపేటలో పుట్టింట్లో గానీ, ఇక్కడ గానీ, నేను చెప్పింది చెప్పినట్టు విన్నది అదొక్కటే. ఏడుపొచ్చింది. ఏడిస్తే దించెయ్యమంటారేమోనని కళ్ళు తుడుచుకోలేదు.

ఆ సెంటర్లో ట్రైనర్ కుర్చీలో కూర్చుని నలుగురికి అది నేర్పాలని ఆ నిమిషంలోనే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని భయం.

తర్వాత కార్తీకంలో మా సంఘంలోని సుబ్బమ్మ మిరప చేను. మా ఊళ్ళో నా మొదటి పిచికారీ అదే. గట్టు మీద ఇరవై మంది జనం. తొమ్మిది నిమిషాలు బాగానే ఎగరేశాను. ఇంతలో కృష్ణానది వైపు నుంచి గాలి ఒక్కసారిగా తోసింది. డ్రోన్ పక్కకి ఒరిగింది. నా బొటనవేళ్ళు కొయ్యబారిపోయాయి. అది కిందికొచ్చి మూడు సాళ్ళ మిరప మీద కూలబడింది. రెక్క ఒకటి విరిగింది, అంతకు మించి ఏమీ కాలేదు. కానీ మా ఆయన పరుగెత్తుకొచ్చి నా మెడలోంచి రిమోట్ లాగేసుకున్నారు. ఆ పట్టీలో చిక్కుకుని నా నల్లపూసల గొలుసు తెగిపోయింది. పూసలు చేలో చెదిరిపోయాయి. ఆయన రెక్క మార్చి ఎగరేస్తుంటే, నేను మిరపచెట్ల మధ్య కూర్చుని పూసలు ఏరుకున్నాను. పైన అది తిరుగుతూ ఉంది. గట్టు మీద ఎవరో "ఆ, ఇప్పుడు సరిగ్గా పోతంది" అన్నారు.

ఇంటికొచ్చాక మా అత్తగారు కమలాకుమారి అడిగిన మొదటి మాట, "నెలసరిలో ఉండి మిరప చేలో అడుగు పెట్టావేంటే?" అని. లేదని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. మామగారు భవానీప్రసాద్ గారు పేపర్లోంచి తల ఎత్తకుండా "మనకెందుకమ్మా ఆ ప్రమాదాలు, పేరు నీది ఉంటే చాల్లే" అన్నారు. ఎంత మర్యాదగా అన్నారో! మొన్న మా అమ్మాయి నీహారిక స్కూలు ఫారంలో తల్లి వృత్తి దగ్గర పైలట్ అని రాసింది. వాళ్ళ నాన్న నవ్వుతూ కొట్టేసి హౌస్ వైఫ్ అని రాశారు. పిల్ల నా వైపు చూసింది. నేను పప్పు గిన్నె వైపు చూశాను.

ఇప్పుడు ఈ కబురు చెబితే మా ఆయన ఎగిరి గంతేశారు.

"చూశావా, నేను పడ్డ కష్టం ఊరికే పోలా! ట్రైనర్ అంటే ఎంత గౌరవం! నువ్వు వెళ్ళి సంతకం పెట్టొద్దువుగాని, క్లాసులు నేను చెప్తాలే."

"శుక్రవారం ఎగరెయ్యాలంటండీ."

"దానికేముంది? ముందే చేను హద్దులు రిమోట్‌లో పెట్టి ఆటో మోడ్‌లో ఉంచుతా. నువ్వు పచ్చ బటన్ నొక్కు, చాలు. అదే లేచుద్ది, అదే తిరుగుద్ది, అదే దిగుద్ది. నువ్వు నవ్వుతా నిలబడు."

ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ కనపడలేదు. అదే నన్ను భయపెట్టింది. ఒక్క బటన్ నొక్కితే నేను కలగన్న కుర్చీ నాదవుతుంది. ఆ తర్వాత నా ముందు కూర్చునే ఆడవాళ్ళకి నేనేం నేర్పుతాను? గాలి తోసినప్పుడు ఏం చెయ్యాలని అడిగితే, మీ ఆయనకి ఇచ్చెయ్యమని చెప్పాలా?

ఆ మూడు రోజులూ ఆయన ఊళ్ళోకి వెళ్ళగానే సామాన్ల గదిలోకి దూరి తలుపేసుకున్నాను. ఆపి ఉన్న రిమోట్ మెడలో వేసుకుని, కళ్ళు మూసుకుని పుల్లలు కదిపాను. గాలొచ్చింది, కుడికి. మళ్ళీ గాలొచ్చింది, ఎడమకి. లక్ష్యం మీద ఇష్టముంటే భయం దానంతటదే పోతుందని మా తమ్ముడు హరిచరణ్ రోజుకో వీడియో పంపిస్తాడు. ఎక్కడికీ పోలేదు. ఇష్టం పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువైంది. అసలు అక్కర్లేని దానికి ఎవరు భయపడతారు? బయట గేటు చప్పుడైతే చాలు, రిమోట్ తీసేసి గుడ్డతో తుడుస్తున్నట్టు నటించేదాన్ని. నాకు లైసెన్స్ ఉన్న వస్తువుని నా ఇంట్లో దొంగతనంగా పట్టుకోవడం ఏమిటో, తలుచుకుంటే ఒళ్ళు మండేది.

శుక్రవారం పొద్దున నందిగామ శివార్లలో ఒక మినప చేను పక్కన షామియానా వేశారు. వేపనూనె కలిపిన నీళ్ళు ట్యాంకులో పోసి, మా ఆయన చేను చుట్టూ తిరిగి హద్దులు పెట్టి, రిమోట్ నా మెడలో వేశారు. "పచ్చ బటన్" అని చెవిలో చెప్పి పక్కన నిలబడ్డారు. అంతా ఆడవాళ్ళే. ముందు వరసలో మా సంఘంవాళ్ళు, వాళ్ళ మధ్య సుబ్బమ్మ. వాళ్ళందరికీ తెలుసు ఎవరు ఎగరేస్తున్నారో. గ్రేసీ మేడమ్ మైకులో "నూట పన్నెండు గంటలు!" అనగానే మా వాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. సుబ్బమ్మ ఒక్కతే కొట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది. తిట్టినా బాగుండేది.

అప్పుడు వెనక నుంచి చెవిటికల్లు ఊరి అమ్మాయి ఒకతి లేచింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో.

"అక్కా, మాకూ డ్రోన్ వస్తంది. నాకు చచ్చేంత భయంగా ఉందక్కా. నీకు మొదట్లో భయం వెయ్యలేదా? ఎట్టా పోయింది?"

గ్రేసీ మేడమ్ నవ్వుతూ మైకు నా చేతికిచ్చింది. "చెప్పు సింధూరా."

బటన్ మీద ఉన్న వేలు తీశాను.

"పోలేదమ్మా" అన్నాను. నా గొంతు మైకులోంచి వేరేవాళ్ళదిలా వినపడింది. "ఇప్పుడు కూడా వేస్తంది. నా కాళ్ళు చూడు, వణుకుతున్నయ్. మేడమ్, ఆ నూట పన్నెండు గంటలూ నేను ఎగరేసినవి కావు. మా ఆయన ఎగరేశారు. నేను ఓటీపీ చెప్పా, ట్యాంకు కడిగా. నావి తొమ్మిది నిమిషాలు. అందులో కూడా ఆఖర్న పడేశా."

ముందు వరసలో మా సంఘంవాళ్ళు తలలు దించుకున్నారు.

"సింధూ! ఏం మాట్లాడుతున్నావో తెలుస్తుందా నీకు?" అన్నారు మా ఆయన పళ్ళ బిగువున. "మేడమ్, ఆవిడకి కంగారెక్కువండి. మనుషుల్ని చూస్తే ఏదేదో మాట్లాడుద్ది."

గ్రేసీ మేడమ్ మొహంలో నవ్వు పోయింది. ఆయన వైపు చూడలేదు. నన్నే చూసింది. "నిజమేనా సింధూరా? నిజమైతే ట్రైనర్‌గా నీ పేరు చెప్పలేను. ఆ గంటలన్నీ కొట్టేయించాల్సొస్తది. లైసెన్స్ సంగతి కూడా పైవాళ్ళు అడుగుతారు."

"నిజమే మేడమ్."

అనేశాను. కుర్చీ పోయింది. మూడు రోజుల కిందట ఫోన్లో వచ్చింది, ఇప్పుడు నా నోటితోనే పోయింది. రిమోట్ తీసి ఇచ్చేసి, బస్సెక్కి జగ్గయ్యపేట పోయి మా అమ్మ పక్కన పడుకోవాలనిపించింది. మా ఆయన చెయ్యి రిమోట్ కోసం ముందుకొచ్చింది. అచ్చం ఆ రోజు చేలో వచ్చినట్టే. నా ఎడమ చెయ్యి దానంతటదే వెళ్ళి, మళ్ళీ గుచ్చుకున్న నల్లపూసలు పట్టుకుంది.

అప్పుడు సుబ్బమ్మ కూర్చున్న చోటు నుంచే అరిచింది. "అమ్మాయ్! ఆ తొమ్మిది నిమిషాలు బానే కొట్టావుగా నా చేలో! గాలొస్తే నువ్వేం చేస్తావ్? ఎగరెయ్యి, చూద్దాం!"

"మళ్ళీ పడుద్దేమో పెద్దమ్మా."

"పడితే లేపుకుంటాం. ఇంతమందిమి లేమా ఏంటి?"

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఆయన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. "మేడమ్, ఎగరెయ్యనా? ఆటోలో కాదు. చేత్తో" అన్నాను. గ్రేసీ మేడమ్ ఒక్క క్షణం ఆలోచించింది. వచ్చి నా చేతిలో మైకు తీసుకుని, నా పక్కన, ఆయనకీ నాకూ మధ్యలో నిలబడి, తల ఊపింది.

ఆటో తీసేశాను. ఎడమ పుల్ల. ఇంతే, ఇంతంటే ఇంతే. దుమ్ము లేచింది. లేచింది అది, తల ఎత్తున ఆగింది. భయం అలాగే ఉంది. దాన్ని పొమ్మనలేదు. మినప చేను మీద ఒక సాలు వెళ్ళి వెనక్కి తిప్పాను. నాలుగో సాలులో గాలి వచ్చింది. ఒరిగింది. షామియానాలో ఎవరో అయ్యో అన్నారు. మా ఆయన "ఇటివ్వు! ఇటివ్వవే!" అని అరిచారు. సామాన్ల గదిలో కళ్ళు మూసుకుని చేసినట్టే కుడి పుల్ల గాలికి ఎదురు తిప్పాను. ఊగింది, ఊగి ఊగి నిలబడింది. ఆ తర్వాత ఎన్ని సాళ్ళు తిరిగానో నాకు గుర్తులేదు. దించాక వేళ్ళు పుల్లల మీంచి రాలేదు. గ్రేసీ మేడమే ఒక్కో వేలూ విడదీసింది.

"పదకొండు నిమిషాలు" అంది, పుస్తకంలో రాసుకుంటూ. "ఇక్కణ్ణించి లెక్క. వంద కావాలి, గుర్తుందిగా?"

"ఓటీపీ ఇక ఎవరికీ చెప్పను మేడమ్" అన్నాను. చెవిటికల్లు అమ్మాయి దగ్గరికొచ్చి, వణుకుతున్న నా చెయ్యి పట్టుకుని చూసింది. ఎందుకో ఆ అమ్మాయి మొహంలో కాస్త ధైర్యం కనపడింది. సుబ్బమ్మ కొంగు దోపుకుంటూ, రేపు పొద్దున్నే తన చేలోకి రమ్మంది. నన్ను.

జనం పలచబడ్డాక మా ఆయన వచ్చారు. మొహం కందగడ్డలా ఉంది. "ఇంటికి పద, చెప్తా" అన్నారు మెల్లగా. పన్నెండేళ్ళుగా ఆ 'చెప్తా'కి నాకు భయం. ఇప్పుడు కూడా వేసింది, అబద్ధమెందుకు. ఇంటి దగ్గర ఏం జరుగుతుందో, అత్తగారు ఏమంటారో, రేపు పొద్దున సుబ్బమ్మ చేలోకి గుమ్మం దాటనిస్తారో లేదో తెలియదు. ఆయన అలవాటుగా రిమోట్ కోసం చెయ్యి చాపారు.

నేను రిమోట్ మెడలోనే ఉంచుకుని, వంగి డ్రోన్‌కున్న ట్యాంకు ఊడదీశాను. వేపనూనె జిడ్డు కారుతున్న ఆ ట్యాంకుని చాపిన ఆయన చేతిలో పెట్టాను.

"మూడుసార్లు కడగాలండీ" అన్నాను.