ఇంత్రూదు చొక్కా

ఆ ఏడు ఇంత్రూదు ఆదివారం నాడు నీళ్ళు ప్లాసిదోను తడపలేదు.

అంతవరకూ జరిగినదంతా ఆ నీళ్ళ పండక్కి ఏటేటా జరిగేదే. చర్చిలో పూజ అయ్యీ అవగానే మలక్కా సముద్రం ఒడ్డునున్న ఆ పేటలో బకెట్లు, మగ్గులు, తోటకు నీళ్ళు పట్టే గొట్టాలు వీధిలోకి వచ్చేశాయి. బుధవారం తపస్సు కాలం మొదలైతే ఈస్టర్ దాకా గట్టిగా నవ్వడానికి ఉండదు కాబట్టి జనం ముందే నవ్వేసుకుంటారు. తలుపులు వేసుకుని దాక్కున్నవాళ్ళను కాళ్ళూ చేతులూ పట్టి బయటికి లాక్కొచ్చి మరీ తడిపారు. మధ్యాహ్నానికి వేషాలు మొదలయ్యాయి. మొగుళ్ళు పెళ్ళాల బట్టలు, పెళ్ళాలు మొగుళ్ళ బట్టలు వేసుకుని, ఇంటింటికీ తిరిగి లేని సరుకులు బేరం పెడతారు.

బిబియానా పెళ్ళినాటి నీలం కెబాయా రవికను ఆమె మొగుడు ప్లాసిదో తొడుక్కున్నాడు. పొట్ట అడ్డొచ్చి పిన్నులు అందడం లేదంటే ఆమే పెట్టింది. అతను రొయ్యలకు వెళ్ళేటప్పుడు వేసుకునే ప్యాంటు, గళ్ళ చొక్కా ఆమె వేసుకుంది.

"ఏమయ్యా, మీ ఆవిణ్ణి అమ్ముతావా?" అని కేకేసింది ఎదురింటి యుఫ్రాసియా.

"ఊరికే ఇస్తా, తోలుకుపో. తిండి మాత్రం నువ్వే పెట్టుకోవాలి," అంది బిబియానా, గొంతు బొంగురు చేసి.

వీధంతా గొల్లుమంది. ఆ నవ్వులోనే యుఫ్రాసియా ఇద్దరి మీదా చెరో బకెట్టు గుమ్మరించింది. బిబియానా తడిసి ముద్దయింది. ప్లాసిదో మీద పడ్డ నీళ్ళు మాత్రం చేమాకు మీంచి జారినట్టు జారిపోయాయి. జుట్టు తడవలేదు, కెబాయా తడవలేదు. యుఫ్రాసియా ఇంకో బకెట్టు పోసి చూసింది. తర్వాత బకెట్టు మెల్లగా కింద పెట్టేసింది.

ఇంత్రూదు నీళ్ళు తడపనివాళ్ళు ఆ ఏటి ఈస్టర్ పూజకు ఉండరు. పేటలో ఎవరూ దాని గురించి మాట్లాడుకోరు. ఆదివారం తర్వాత సోమవారం వస్తుందని ఎవరు మాత్రం చెప్పుకుంటారు? కిందటేడు పడవలు చేసే అన్సెల్మో, అంతకు ముందు బడి పంతులమ్మ. ఇద్దరినీ సముద్రం ఇంటికొచ్చి తీసుకుపోయింది.

జనం గొట్టాలు చుట్టేసుకుని లోపలికి వెళ్ళిపోయారు. కాసేపటికి ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలో రవ్వ కేకు పళ్ళేలు పెట్టి పోయారు. ఎవరూ ముఖంలోకి చూడలేదు.

ప్లాసిదో కుర్చీలో కూలబడ్డాడు. బిబియానా పళ్ళేలు లోపల పెడుతుంటే అవి ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి.

అప్పుడొచ్చింది తియా ఒలిందా. పేట మొత్తానికి పెద్దది, అందరికీ అత్తే. ఓ కేకు ముక్క నోట్లో వేసుకుని ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"ఏమే, ఆ కెబాయా ఎవరిది?"

"నాదే తియా."

"మా ఆయన ఓ ఏడు వాళ్ళమ్మ శాలువా కప్పుకుని ఇట్లాగే పొడిగా నిలబడ్డాడు. నేను ఏడ్చి ఏడ్చి నల్లబట్టలు కూడా కుట్టించుకున్నా. పోయింది మా అత్త. నీటికి చూపు ఆనదే తల్లీ. ఈ వేషాల్లో మనిషిని ఎక్కడ పోల్చుకుంటుంది? బట్టను చూస్తుంది."

"అంటే... నేను కాదా?" అన్నాడు ప్లాసిదో.

అతని ముఖంలోకి రంగు వచ్చింది. చేతులు వాటంతట అవే రవిక మీదికి పోయాయి. "నీదేగా, ఇచ్చేస్తా," అంటూ గబగబా విప్పసాగాడు. ఇందాక అందని పిన్నులన్నీ ఇప్పుడు అందాయి.

సగంలో ఆగి ఆమె వంక చూశాడు. ఆమె చూస్తూనే ఉంది.

"నా ఉద్దేశం అది కాదే..."

"తెలుసులే. విప్పు." తర్వాత తియా వైపు తిరిగింది. "మరి తీసుకుపోవడానికి వచ్చేదానికి చూపు ఆనుతుందా?"

"అదీ ఆ నీరేగా. అంతంత మాత్రమే."

బిబియానా ఆ తడవని కెబాయాను తీసుకెళ్ళి పెరట్లో తీగ మీద ఆరేసి క్లిప్పులు పెట్టింది. తన బట్టలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసింది. గళ్ళ చొక్కా మాసినప్పుడు మొగుడిదే ఇంకో చొక్కా వేసుకుంది.

విభూది బుధవారం నుంచి అడుగులు కనబడ్డాయి. సముద్రం పోటెక్కి దిగిన ప్రతిసారీ వీధిలో తడి అడుగులు, చిన్నవి, చెప్పుల్లేనివి. మొదట వీధి మొగలో ఆగాయి. తర్వాత యుఫ్రాసియా గుమ్మం ముందు. తర్వాత వీళ్ళ గేటు దగ్గర.

"ఒకే ఇంట్లో ఇద్దరు ప్లాసిదోలు ఉంటే దానికి అనుమానం రాదూ? మా అన్న దగ్గర పడుకుంటా," అన్నాడు ప్లాసిదో.

"పో," అంది.

గుడ్ ఫ్రైడే నాడు తెల్లవారేసరికి అడుగులు గుమ్మం మెట్టెక్కి ఉన్నాయి. మధ్యాహ్నం పేటంతా చర్చికి పోయింది. దారిలో చిక్కడం కంటే ఇంట్లో ఉండడమే నయమనుకుని బిబియానా వంటింట్లో గుమ్మం వైపు వీపు పెట్టి కూర్చుంది. ఉప్పూ అన్నమూ కలిపి ఊరబెట్టిన చిట్టి రొయ్యల చించాలోక్‌ను సీసాలకెత్తుతోంది. ఉన్నట్టుండి ఆ వాసనను మింగేస్తూ బురద వాసన వచ్చింది. గడప మీద నీళ్ళు టప్పు టప్పుమని కారుతున్నాయి.

"బిబియానా ఉందా?"

ఆడగొంతు. ఉప్పు అరువడగడానికి వచ్చినంత మామూలుగా ఉంది.

బిబియానా తిరిగి చూడలేదు. ఇంత్రూదు నాటి బొంగురు గొంతు వెతుక్కుంది.

"పెరట్లో ఉంది. తీగ మీద. తీసుకుపో."

నీటి చుక్కల చప్పుడు పెరటి వైపు జరిగింది. తర్వాత పెరట్లోంచి, "బాగా చిక్కిపోయిందే," అంది ఆ గొంతు. క్లిప్పులు ఒకటొకటే ఊడి రాళ్ళ మీద పడ్డాయి.

ఆమె లేచి వెళ్ళి చూసేసరికి తీగ ఖాళీగా ఊగుతోంది. సముద్రం దాకా తడి చార ఉంది.

ఈస్టర్ పూజకు బిబియానా గళ్ళ చొక్కాలోనే వెళ్ళింది. యుఫ్రాసియా జరిగి చోటిచ్చింది. మర్నాటి నుంచి తోపుడు వల భుజానికెత్తుకుని రొయ్యలకు వెళ్ళింది ఆమే. అన్న ఇంటి నుంచి తిరిగొచ్చిన ప్లాసిదో సీసాలు కడిగాడు.

"భయం తీరిందిగా," అన్నాడు ఓ రోజు, ఆమె ముఖంలోకి చూడకుండా. "ఇంక నా చొక్కా నాకిచ్చేయొచ్చుగా."

"ఇవ్వను," అంది.

ఇవ్వలేదు.