మసిగుడ్డ

చెడ్డ నక్షత్రంలో ప్రాణం పోయింది కాబట్టి ఆర్నెల్లు ఇల్లు మూసెయ్యాలన్నాడు పురోహితుడు. నాకు అలాంటి నమ్మకాలు లేవు. కానీ నా భార్య మహాదేవి పోయిన పదకొండో రోజున ఎవరితోనూ వాదించే ఓపిక కూడా లేదు. మా అక్క రామసుబ్బమ్మ దగ్గరుండి తాళం వేయించి, వాకిలికి అడ్డంగా తుమ్మకంప పెట్టించింది.

“తెరిచినావంటే ఇంకో ప్రాణం పోతాది రా నరసింహా,” అంది. అది బెదిరింపు కాదు, భయం.

కమలాపురంలోనే మూడు వీధుల అవతల అద్దె ఇంట్లోకి మారాం. మేం అంటే నేనూ, మహాదేవి పెంచిన పిల్లి దూదీ.

మైల ఇంటిది ఏదీ కొత్త ఇంటికి రాకూడదంది అక్క. దుప్పట్లు చాకలికి వేసింది. పిల్లి పడుకునే గోనెసంచిని కాల్చేసింది. చివరికి పిల్లిని కూడా పసుపునీళ్లతో కడిగింది. తెల్లటి దూది పచ్చగా, సగానికి సగం చిక్కినట్టు నిలబడి వణికింది. దాన్ని చూసి నవ్వాను. అన్ని రోజుల్లో అదే మొదటిసారి నవ్వడం. ఎంత తప్పు నవ్వో తర్వాత తెలిసింది.

దూది మంచం కిందికి దూరింది. మళ్లీ బయటికి రాలేదు. పాలు ముట్టలేదు, చేప ముట్టలేదు. మూడో రోజు దాన్ని బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లాను.

“ఏం సారూ, పిల్లికి గూడా చీటీ రాయిస్తాండావా? మా ఇంట్లో శానా ఉండాయి, నాలుగు తోలుకపో,” అన్నాడు వరసలో నా ముందు గొర్రెలతో నిలబడ్డ ఒకాయన. అంటూనే తన గొర్రెల్ని ఎండలోకి జరిపి, బుట్టకు నీడ ఇచ్చాడు.

డాక్టర్ మహిమ చిన్న వయసు మనిషి. జరిగిందంతా నేను చెప్తుంటే వింటూనే దూది పొట్ట నొక్కి, కళ్లు చూసి, నా వైపు తిరిగింది.

“జబ్బు లేదు సార్, బెదిరిపోయింది. ఇల్లు మారె, మనిషి పాయ, ఒంటి వాసన గూడా కడిగేస్తిరి. దానికిప్పుడు ఏ గుర్తూ లేదు. ఇంకో రెండు రోజులు తినకుంటే కాలేయం దెబ్బ తింటాది. పాత ఇంటి గుడ్డ ఏదన్నా ఉండాదా? ఉతకనిది?”

“అన్నీ ఉతికేశాం డాక్టరమ్మా.”

“వెతకండి సార్. మేడమ్ చేతిది ఒక్కటైనా ఉంటాది.”

దూదిని అద్దె ఇంట్లో దింపి, మిట్టమధ్యాహ్నం మా ఇంటికి వెళ్లాను. కంప పట్టుకోగానే వేలిలో ముల్లు దిగింది. ఎదురింటి ఓబులేసు అరుగు మీంచి లేచాడు.

“యాడికన్నా? ఆర్నెల్లు కాలేదు గదా!”

“పిల్లి చచ్చిపోయేట్టుంది ఓబులేసూ.”

అతను కట్టె తెచ్చి, కంపను పక్కకు లాగాడు. “నేనేం సూడలేదు. మీ అక్కకు నా పేరు చెప్పినావంటే మాత్రం నీతో మాటల్లేవు.”

లోపల సున్నం, ఫినాయిల్ వాసన తప్ప ఏమీ లేదు. ఆమె ముప్పై ఏళ్లు తిరిగిన ఇల్లు ఎవరూ కాపురం చేయని ఇల్లులా ఉంది. గది తర్వాత గది చూశాను. వంటింటి తలుపు వెనక మేకుకు మసిగుడ్డ వేలాడుతోంది. వేడి గిన్నెలు దించడానికి పాత చీర చించి చేసుకున్నది. అది కూడా గుడ్డేనని ఎవరికీ తట్టలేదు.

మొహానికి పెట్టుకున్నాను. నూనె, మసి, తిరగమోత. వాటి అడుగున ఆమె చేయి.

నేల మీద కూర్చుండిపోయాను. దీన్ని ఇవ్వను అనుకున్నాను. ప్లాస్టిక్ సంచిలో కట్టి బీరువాలో దాచుకుంటాను. పిల్లులు చస్తూనే ఉంటాయి. నిజంగా అలాగే అనుకున్నాను. సగం చించి ఇద్దామని కూడా చూశాను. చేతులు రాలేదు. దూదికి మొదటి ముద్ద పెట్టాకే ఆమె తన కంచం ముందు కూర్చునేది. చాలాసేపటికి లేచి, తాళం వేసి, కంపను నేనే సర్ది వచ్చాను.

గుడ్డను మంచం కింద పరిచాను. దూది మెడ చాచి వాసన చూసింది. ఒక్కసారిగా లేచి బయటికి పరిగెత్తింది. వంటగదికి, స్నానాలగది తలుపు దగ్గరికి, వీధి వాకిలికి తిరుగుతూ అరిచింది. మహాదేవి చేపలు కడుగుతుంటే అది అరిచే అరుపు. ఆమె వచ్చేసిందనుకుంది. లేదని దానికి చెప్పే భాష నా దగ్గర లేదు. గోడకు ఆనుకుని విన్నాను. అరుపు ఆగడానికి గంట పట్టింది.

ఆ తర్వాత వచ్చి గుడ్డ మీద ముడుచుకుంది. ఉడికిన గుడ్డు సొన వేలికి రాసి పెడితే, గోరంత నాకింది. మళ్లీ పెడితే మళ్లీ నాకింది.

నాలుగు రోజులకు గుడ్డు మొత్తం తినగలిగింది. ఆ సాయంత్రం అది నీళ్లకు వెళ్లినప్పుడు నేను మంచం కిందికి వంగి, మసిగుడ్డను మొహానికి పెట్టుకున్నాను. పిల్లి వాసన వచ్చింది. ఇంకా లోపలికి, మడతల్లోకి పీల్చాను. అక్కడా పిల్లి వాసనే.

దూది తిరిగొచ్చి నా పక్కన నిలబడింది. గుడ్డను మళ్లీ పరిచి, పక్కకు జరిగాను.