పులికి తాడు పట్టిన చెయ్యి

కెమెరాలన్నీ సరిచూడాలి. గదిలో మెరిసే వస్తువు ఏదున్నా, ఆఖరికి చేతి గడియారమైనా, తీసి బయట పెట్టాలి. నేల మీద గీతలు దిద్దాలి. నాకు తెల్ల గోళీలు అతికించాలి, ఊడినవి మళ్లీ అతికించాలి. వచ్చినాయనకు టీ ఇప్పించాలి. ఆ పొద్దున స్టూడియోలో చేయవలసిన పనులు ఇవి. ఆయన పేరు రాసుకోవడం మాత్రం వాటిలో లేదు.

నేను ఒక నల్లటి బిగుతు దుస్తును. మెడ నుంచి మడమ దాకా ఒకటే గుడ్డ. సముద్రం అవతల ఏదో మిల్లులో పుట్టి, పెట్టెలో మడతపడి హైదరాబాదు వచ్చాను. ఒక యానిమేషన్ స్టూడియోలో కొలువు కుదిరింది.

మా దగ్గర బొమ్మను కదిలించే దారులు చాలానే ఉన్నాయి. కొందరు ఒక్కో బొమ్మా చేత్తో గీస్తారు. కొందరు ముఖ్యమైన భంగిమలు తాము పెట్టి, మధ్యలో కదలికను కంప్యూటరుకు వదిలేస్తారు. మనిషి కదలికను ఉన్నదున్నట్టు పట్టడం నా వంతు. మోషన్ క్యాప్చర్ అంటారు. నన్ను తొడుక్కున్నవాడు కదిలితే నా గోళీలు మెరుస్తాయి. చుట్టూ ఉన్న కెమెరాలు ఆ మెరుపులనే చూస్తాయి. కంప్యూటరు వాటిని కలిపి బొమ్మకు ఎముకలు కడుతుంది. కెమెరాలకు ముఖంతో పని లేదు, చెమటతో పని లేదు. గోళీలున్నవాడే వాటి లెక్కలో మనిషి. లేనివాడు ఎదురుగా నిలబడ్డా లేనట్టే.

ఒకసారి పులి సినిమా పని వచ్చింది. బొమ్మల విభాగానికి పెద్ద అయిన కిరీటి, అడవి వీడియోలు చూసి ఎన్ని పులుల్ని చేసినా అవి పాలకొచ్చిన పిల్లుల్లాగే ఉన్నాయి. చివరికి వినుకొండ వైపు నుంచి పులివేషం కట్టే నూర్‌బాషా దస్తగిరిని పిలిపించారు. ఆయన వెంట భార్య కాశింబీ వచ్చింది. వాళ్లు పరుపులు కుట్టుకుని బతికేవాళ్లు. పీర్ల పండక్కీ, దసరాకీ ఆయన పులి. పులి నడుముకు తాడు కట్టి వెనక ఒకరు పట్టుకోవాలి. పులి తన బరువంతా ముందుకు వేసి ఆ తాడును గుంజుతుంది. ఆ గుంజులాటలోనే ఉంది పులితనమంతా. పట్టినవాళ్లు తాము పడినా తాడు వదలకూడదు. అంతకు ముందు పట్టిన దస్తగిరి తమ్ముడు పోయాక, తాడు పట్టే మనిషి లేక కాశింబీయే పట్టింది. మొదట ఊరు నవ్వింది. తర్వాత అలవాటు పడింది.

దస్తగిరి నన్ను తొడుక్కుని తన ఒళ్లు తానే చూసుకున్నాడు.

"ఏందే ఇది! కోడిగుడ్లు అంటించిన బర్రెలాగుండా."

"బర్రె పాతదేలే. గుడ్లే కొత్త" అంది కాశింబీ.

ఆయన కిరీటి వైపు తిరిగాడు. "సార్, ఒకటే మాట. సినిమా అయిపోయినాక పేర్లు పడతయ్యి గదా. మా ఇద్దరియ్యీ పడాల. లేకపోతే మా పీర్ల చావిడి కాడ ఒక్కడూ నమ్మడు."

"తప్పకుండా బాబాయ్" అన్నాడు కిరీటి.

మొదటిసారి తాడు ఆమె పట్టింది. ఆయన గుంజాడు. నా కుట్లన్నీ బిగిశాయి. తెర మీద చర్మం లేని బూడిదరంగు పులి గాలిలోకి ఒరిగి నిలబడింది. తాడు లేదు, తాడు పట్టిన మనిషీ లేదు.

దస్తగిరి చూసి, "పులి బాగుంది. మరి నువ్వేదే?" అన్నాడు.

"నాకు గుడ్లు అంటించలేదుగా."

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఆమె దగ్గరగా నిలబడితే గోళీలు కెమెరాలకు చాటవుతున్నాయని, తాడు పొడుగు చేసి దూరం నుంచి తానే పట్టుకుంటానన్నాడు కిరీటి. "తాడే కదమ్మా."

"చేతికి ఒక చుట్టు చుట్టుకో నాయనా. పడినా వదలమాక" అంది ఆమె.

అతను చుట్టుకోలేదు. దస్తగిరి ఈసారి ప్రాణం పెట్టి గుంజాడు. తెర మీద పులి నిజంగానే లేచింది. అది చూసి ఒళ్లు మరిచిన కిరీటి "అబ్బా!" అని రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాడు.

దస్తగిరి మోకాలి మీద పడ్డాడు. నేను అక్కడే చిరిగాను. ఆయన లేవబోయి కూలడం, పక్కకు ఒరిగి నేలను గోకడం, అన్నీ నా గోళీలు కెమెరాలకు అందించాయి. నాకు అప్పజెప్పిన పని అదే మరి. ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆ మోకాలు మళ్లీ సరిగా వంగలేదు.

సినిమా చివర పులికి తూటా తగిలి కూలిపోవాలి. ఆ చోట ఈ పడడాన్నే వాడారు. అంతకు ముందు పులి ఒరిగి నిలబడే చోట మొదటిసారి గుంజినదాన్నే ఉంచారు. మనిషి ఎముకల కదలికను నాలుగు కాళ్లకు సర్దారు. చర్మం తొడిగారు, వెంట్రుకలు మొలిపించారు, వెనక అడవి పెట్టారు, వాన కురిపించారు. స్టూడియోలో వేసి చూసుకున్నప్పుడు అందరూ కళ్లు తుడుచుకున్నారు. కిరీటి అందరికంటే ఎక్కువ. కొక్కేనికి వేలాడుతూ నేనూ చూశాను. అది తూటా దెబ్బ కాదు. నమ్మిన చెయ్యి వదిలేస్తే మనిషి పడే తీరు అది.

కొన్నాళ్లకు కాశింబీ ఒక్కతే వచ్చింది.

"మా ఊళ్లో ఆడింది సార్. పేర్లు పడిందాకా కూర్చున్నాం. ఊడ్చేవాళ్లొచ్చి లేపారు."

"జాబితా ముందే అయిపోయిందమ్మా. బాబాయ్ చేసింది నమూనా కిందికి వస్తుంది. అంటే, చూసి చేసుకోవడానికి."

"చూసి చేసుకున్నది కాదు గదా సార్. ఆ పడ్డది ఆయనే."

కిరీటి ఫోను చూసుకున్నాడు. "ఈసారి సినిమాకు తప్పకుండా వేస్తాం."

"ఈసారికి పులేది సార్?"

అతను మీటింగుందని లేచాడు. వెళ్లబోతూ ఆమె నన్ను చూసింది. చిరిగిన మోకాలు అలాగే ఉంది. నన్ను దించి, జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసి, పరుపులు కుట్టే తెల్ల దారంతో అక్కడే కూర్చుని కుట్టింది. "రేపు ఇంకొకడు తొడుక్కుంటాడు. మోకాలు బయటపడితే ఎట్టా" అని తనలో తాను అనుకుంది.

ఇప్పుడు గోళీలు లేకుండానే కదలికలు పట్టే కెమెరాలు వచ్చాయి. నన్ను ఒక యానిమేషన్ శిక్షణ కళాశాలకు ఇచ్చేశారు. ప్లాస్టిక్ బొమ్మకు తొడిగి అద్దాల బీరువాలో నిలబెట్టారు. పక్కన తెర మీద ఆ పులి రోజూ కూలుతుంది. "బరువు ఎలా పడిందో చూడండి" అంటాడు మాస్టారు. పిల్లలు శ్రద్ధగా రాసుకుంటారు. ఒకమ్మాయి మోకాలి దగ్గరి తెల్ల కుట్టు చూపించి ఇదేమిటని అడిగింది. "పాత సూటు కదా" అన్నాడాయన.

ఆ సినిమా మీరూ చూసే ఉంటారు. పులి కూలే చోట కంటనీరు పెట్టుకుని ఉంటారు, తప్పులేదు. మళ్లీ చూస్తే, అంతకు ముందు పులి గాలిలోకి ఒరిగి నిలబడే చోట ఒక్క క్షణం దాని వెనక్కు చూడండి. అక్కడ ఎవరూ కనిపించరు. ఆ ఖాళీ చోటులో, కాళ్లు తన్నిపెట్టి, తాడును చేతికి చుట్టుకుని నిలబడ్డది నూర్‌బాషా దస్తగిరి భార్య కాశింబీ. ఆమెను తలుచుకోండి.