మెట్ల కింద మెషీన్

స్టూడియో వెనక గది ఒకప్పుడు ఫొటోలు కడిగే చీకటి గది. ఫిల్ము పోయాక ఆ గదికి పని పోయింది. నీటి తొట్టె, తీగకు వేలాడే క్లిప్పులు, కిటికీకి కొట్టిన నల్ల రేకు మిగిలాయి. ముందు హాల్లో ఫొటోలు తీసే ఆవిడ మాత్రం ఆ గదిని వదల్లేదు. ఇల్లు అత్తగారిది. పైన కాపురం, కింద స్టూడియో. ఆ ఇంట్లో ఆవిడ తలుపేసుకుని ఒక్కతే కూర్చోగల చోటు అదొక్కటే.

మైనింగ్ గురించి ఆవిడకు చెప్పింది మరిది. అతను కంప్యూటర్ సామాను అమ్మే దుకాణంలో పనిచేస్తాడు. పక్క వీధిలో ఉంటాడు. ఇంట్లో అతన్ని మేధావి అంటారు. మొదట్లో అది మెచ్చుకోలు, తర్వాత ఎగతాళి, ఇప్పుడు పేరు.

"వదినా, ఆ కంప్యూటర్లో గ్రాఫిక్స్ కార్డు తిని కూర్చుంటోంది. వీడియోలు ఎడిట్ చేసేటప్పుడు తప్ప దానికి పనేముంది? మైనింగ్‌కి పెడదాం."

"అంటే ఏం చెయ్యాలది?"

"లెక్కలు. క్రిప్టో నాణేలు ఎవరు ఎవరికి పంపారో రాసిన పద్దుకి తాళం వేసే లెక్కలు. ఒక్క మెషీన్ వల్ల అయ్యేది కాదు. వేలమంది కలిసి చేస్తారు. ఆ గుంపుని పూల్ అంటారు. లెక్క కుదిరితే నాణేలు పుడతాయి. ఎవరి మెషీన్ ఎంత కష్టపడితే వాళ్ళకి అంత వాటా."

"కూలి పనన్నమాట."

"కూలి మెషీన్‌ది. నువ్వు మేస్త్రీవి."

ఆవిడకు ఆ మాట నచ్చింది. వాలెట్ తనే తెరుచుకుంది. వాటా వచ్చి చేరే ఖాతా లాంటిది అది. దానికి ఒక అడ్రసు ఉంటుంది. అక్షరాలు, అంకెలు కలిసిన పొడవాటి వరస. ఆవిడ దాన్ని పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి, అద్దం వేసి, ఫ్రేము కట్టి, నీటి తొట్టె పైన మేకుకు తగిలించింది.

"మీ పెళ్ళి ఫొటో కూడా ఇంత పెద్దది వేయించుకోలేదు కదా వదినా," అన్నాడు మేధావి.

"పెళ్ళి ఫొటోలో మీ అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. ఇది బాగా వచ్చింది."

మైనింగ్ ప్రోగ్రామ్‌కి చెప్పాల్సినవి మూడే. ఏ పూల్‌లో చేరాలి, వాటా ఏ అడ్రసుకు పోవాలి, మెషీన్ పేరేమిటి. ఆ మూడూ ఒక చిన్న ఫైల్లో రాస్తారు. ఆవిడ కీబోర్డు ముందు కూర్చుంటే మేధావి భుజం తట్టాడు.

"నువ్వు జరుగు, నేను కొడతాను. అడ్రసులో ఒక్క అక్షరం తేడా వస్తే అంతే సంగతులు."

అప్పుడే పాస్‌పోర్టు ఫొటోకి ఎవరో వచ్చారు. ఆవిడ హాల్లోకి వెళ్ళి, వాళ్ళ కాలరు సరిచేసి, ఫొటో తీసి, కత్తిరించి ఇచ్చి వచ్చేసరికి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు పరిగెడుతున్నాయి. ప్రతి వరసలో 'అంగీకరించాం' అన్న మాట. మెషీన్ చేసిన లెక్కను పూల్ ఒప్పుకుందని దానర్థం. ఎవరి ఖాతాలో వేసుకుందో ఆ వరస చెప్పదు. కొత్తవాళ్ళు ఆ ఆకుపచ్చ చూసి తృప్తిపడతారు. ఆవిడా తృప్తిపడింది.

తర్వాత నెలల్లో ఆవిడ పని నేర్చుకుంది. కార్డుకు ఇచ్చే కరెంటు కొంత తగ్గిస్తే లెక్కల వేగం పెద్దగా తగ్గదని, వేడి మాత్రం బాగా తగ్గుతుందని తెలుసుకుంది. లెన్సులు తుడిచే బ్రష్‌తో ఫ్యాన్ల మధ్య దుమ్ము తీసేది. కిటికీ రేకు విప్పి, వేడి గాలి బయటికి పోయేలా అట్టపెట్టెతో గొట్టం చేసింది. ఫ్యాన్ చప్పుడులో తేడా వస్తే హాల్లోంచే పసిగట్టేది. కరెంటు బిల్లు స్టూడియో పేరున వచ్చేది. ఆవిడే కట్టేది.

వాలెట్‌లోకి ఏమీ రాలేదు.

"చిన్నవాళ్ళ వాటా పోగవ్వాలి వదినా," అన్నాడు మేధావి. "కొంత జమయ్యేదాకా పూల్ పంపదు. ఓపిక పట్టు."

అది నిజమే. పూల్‌లు అలాగే చేస్తాయి. అందుకే ఆవిడ నమ్మింది. భోజనాల దగ్గర మాత్రం అతను వేరే మాట అనేవాడు.

"వదిన మెషీన్ ఇంటిని వెచ్చగా ఉంచుతోంది. ఆ మేరకు లాభమే."

"బిల్లు చూస్తేనే నాకు చెమటలు పడుతున్నాయి," అనేది అత్తగారు. "ఇంక వేరే వేడెందుకురా?"

అందరూ నవ్వేవారు. ఆవిడ భర్త కూడా నవ్వేవాడు, తల పళ్ళెంలోకి వంచుకుని.

ఆ తర్వాత మేధావికి కొత్త ఆలోచన వచ్చింది. ఇంట్లోనే మైనింగ్ మొదలుపెట్టడం ఎలాగో నేర్పే క్లాసు. ఫీజు పెట్టి, ఆదివారాలు. దానికి గది కావాలి. అత్తగారికి ఫోన్లో పూల్ పేజీ తెరిచి చూపించాడు. అత్తగారి వెనక నుంచి ఆవిడ కూడా చూసింది. గీత పైకి వెళ్తోంది. "ఇదంతా నా సంపాదనే అమ్మా. వదినకి రాలేదంటే లోపం పద్ధతిలో. పద్ధతి నేర్పేవాడికి గది ఉండాలా, వద్దా?"

అత్తగారు కోడలి వైపు తిరిగింది. "అమ్మాయ్, నీ ఆట చూశాం. వాడిది నలుగురికీ పనికొచ్చేది. వెనక గది వాడికివ్వు. నీ పెట్టె మెట్ల కింద పెట్టుకో."

"అత్తయ్యా, అక్కడ చీపుర్లుంటాయి."

"చీపుర్లు జరుగుతాయి."

భర్త వైపు చూసింది. "తమ్ముడే కదా, సర్దుకో," అన్నాడాయన.

గది ఖాళీ చేసింది ఆవిడే. మెషీన్‌ని మెట్ల కింద బకెట్ల పక్కన బల్ల మీద పెట్టి, వైర్లు కలిపింది. గోడ మీంచి తీసిన ఫ్రేము ఎక్కడ తగిలించాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని మెషీన్ ఆన్ చేసింది. స్టూడియోకి ఇన్వర్టర్ ఉండబట్టి ఇన్నాళ్ళూ అది ఆగకుండా నడిచింది, అందుకే మొదలయ్యేటప్పుడు తెర మీద ఏం వస్తుందో ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఆకుపచ్చ వరసలకు ముందు ఆ మూడు సంగతులూ వస్తాయి. పూల్. అడ్రసు. పేరు.

తెర మీద అడ్రసు ఒళ్ళో ఉన్న అడ్రసు కాదు.

ఆవిడ ఫ్రేమును తెర పక్కన నిలబెట్టి, అక్షరం అక్షరం వేలు పెట్టి చూసింది. మొదటి అక్షరం తప్ప ఏదీ కలవలేదు. పూల్ పేజీలో ఎవరి అడ్రసు కొట్టినా వాళ్ళ సంపాదన కనిపిస్తుందని మేధావి ఫోన్లో చూశాకే ఆవిడకు తెలిసింది. దాపరికం ఉండదు. తెర మీది అడ్రసు కొట్టింది. మేధావి అత్తగారికి చూపించిన గీతే వచ్చింది. దాని కింద మెషీన్ల జాబితా. రెండే ఉన్నాయి. ఒకదాని పేరు 'రాజు'. మేధావి సొంతది కాబోలు, అది ఆగిపోయి చాలాకాలమైంది. రెండోది నడుస్తోంది. ఆ గీత మొత్తం దానిదే. దాని పేరు, తన తెర మీద ఉన్న పేరే: 'పాడి ఆవు'.

ఆవిడ ఆ పేరు వైపు కొంతసేపు చూసింది.

పైకి వెళ్ళి అడగవచ్చు. ఏమవుతుందో ఆవిడకు తెలుసు. అయ్యో, కాపీ చేసేటప్పుడు పొరపాటు అంటాడు మేధావి. నవ్వుతాడు. అత్తగారు నవ్వుతుంది. ఆయన పళ్ళెంలోకి చూస్తాడు. గది మాత్రం తిరిగి రాదు.

ఆవిడ ఫైలు మార్చలేదు. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు బజారుకు వెళ్ళి ఇంకో కార్డు కొంది, పాతదే, కానీ బలమైనది. మెట్ల కింద దాన్ని బిగించింది. పూల్ పేజీలో మేధావి గీత నిటారుగా లేచింది.

అతను రెండేసి మెట్లు ఒకేసారి ఎక్కుతూ పైకొచ్చాడు. "చూశావా అమ్మా, పద్ధతి అంటే ఇదీ!" ఆ గీతనే ఫొటో తీసి క్లాసు ప్రకటనలో వేశాడు. పేర్లు ఇచ్చేవాళ్ళు పెరిగారు. బంధువులకు ఫోన్లు చేశాడు. ఆవిడ కాఫీ ఇచ్చి, "ఇంకా ఎక్కువమందిని పిలువు అబ్బాయ్, గది పెద్దదే కదా," అంది.

"నీకు కోపంగా ఉందనుకున్నాను వదినా."

"దేనికి?"

ఆదివారం పొద్దున గది నిండింది. జుట్టు కత్తిరించే ఆవిడ, బస్సు డ్రైవరు, బ్యాంకులో రిటైరైన పెద్దాయన, ఇంకా చాలామంది. అత్తగారు ముందు వరసలో కూర్చుంది. ఒకప్పుడు ఫ్రేము ఉన్న గోడ మీద ప్రొజెక్టర్ వెలుగు పడింది. మేధావి పూల్ పేజీ తెరిచాడు.

"ఇది నిన్నటి ఫొటో కాదండీ. ఇప్పుడు, ఈ నిమిషంలో, మనం మాట్లాడుకుంటూండగానే నాకు పడుతున్న వాటా. మోసానికి తావులేదు."

తలుపు తెరిచే ఉంది. మెట్ల కింద కూర్చున్న ఆవిడకు అంతా వినపడుతోంది.

"సార్, పాడి ఆవు అంటే ఏంటండీ?" జుట్టు కత్తిరించే ఆవిడ గొంతు.

"మెషీన్ పేరండీ. ఏదైనా పెట్టుకోవచ్చు. కదలకుండా, మెదలకుండా పాలిస్తుంది కాబట్టి."

గది నవ్వింది. ఆవిడ ఫైలు తెరిచి, పాడి ఆవు అన్న చోట కొత్త పేరు కొట్టి, ప్రోగ్రామ్ మళ్ళీ మొదలుపెట్టింది. పేరు మారితే పూల్ దాన్ని కొత్త మెషీన్ అనుకుంటుంది. జాబితాలో కొత్త వరస వేస్తుంది. కాస్త సమయం పడుతుంది. ఆవిడకు తొందరేం లేదు.

లోపల మేధావి కరెంటు ఆదా గురించి చెబుతున్నాడు. అవి ఆవిడ కనిపెట్టిన చిట్కాలే.

"సార్, కొత్తదేదో వచ్చిందండీ," అన్నాడు డ్రైవరు. "'మెట్ల కింద' అని ఉంది."

మేధావి గోడ వైపు తిరిగాడు. "అది... అప్పుడప్పుడు పూల్‌లో అలా తప్పులొస్తాయి."

ఆవిడ మళ్ళీ పేరు మార్చింది.

"ఇంకోటి వచ్చిందండోయ్." జుట్టు కత్తిరించే ఆవిడకు ఉత్సాహం వచ్చింది. "'వదిన మెషీన్'. ఎవరి వదినండీ?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మేధావి ప్రొజెక్టర్ తీగ వెతుకుతున్నట్టు బల్ల కింద ఏదో పడిన చప్పుడు. "ఉంచండి, చదవనివ్వండి," అన్నాడు బ్యాంకు పెద్దాయన. "ఇప్పుడే కదా మోసానికి తావులేదన్నారు?"

మూడో పేరు కాస్త పొడుగ్గా కొట్టింది. అది గోడ మీదికి వచ్చేసరికి గదిలో అందరూ దానికోసమే చూస్తున్నారు. ముగ్గురు నలుగురు కలిసి పైకి చదివారు.

"'బిల్లు వదినకి వాటా మరిదికి'."

ఆ తర్వాత ఆవిడ అడ్రసు మార్చింది. ఫ్రేము చూడనక్కర్లేకపోయింది. నోటికొచ్చేసింది. గోడ మీద మేధావి గీత కిందికి ఒరిగింది.

అతను మెట్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. వెనకాల అత్తగారు, అత్తగారి వెనకాల క్లాసుకు వచ్చినవాళ్ళు.

"వదినా, పిచ్చి పనులేంటి? పాతది మళ్ళీ పెట్టు. తర్వాత మాట్లాడుకుందాం, పెట్టు!"

"ఏంట్రా ఇది?" అంది అత్తగారు.

"ఏం లేదమ్మా. మొదట్లో నా అడ్రసు పొరపాటున అతుక్కుపోయింది. కాపీ చేసేటప్పుడు అందరికీ జరిగేదే." అతను నవ్వబోయాడు.

"పొరపాటేనా?" అంది ఆవిడ. "పొరపాటుకి పేరు కూడా పెట్టావేం? పాడి ఆవని?"

అత్తగారు కొడుకు మొహం చూసింది. అతను తల్లి మొహం చూడలేదు.

"ఇన్నాళ్ళూ ఇంటికి వేడి తప్ప ఏమీ ఇవ్వలేదన్నావే, ఆ మెషీన్ ఇదేనా?" అంది అత్తగారు.

వెనక నుంచి బ్యాంకు పెద్దాయన, "ఫీజు సంగతి తేల్చండి బాబూ," అన్నాడు. ఇంకొందరు ఆ మాటే అన్నారు. మేధావి గొంతు తగ్గించాడు.

"వదినా, వీళ్ళ ముందు నా పరువు... ఒక్క పూట. ఒక్క పూట నాకు తిప్పు. సాయంత్రం నీ వాటా అంతా లెక్కకట్టి ఇచ్చేస్తాను."

"నాకు తెలిసే కొత్త కార్డు కూడా నీకోసం నడిపాను అబ్బాయ్. గీత ఎందుకు లేచిందనుకున్నావు? ఇంతమందిని పిలవాలని."

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. బకెట్ కాలికి తగిలింది.

ఆవిడ భర్త పైనుంచి దిగి వచ్చేసరికి సగంమంది వెళ్ళిపోయారు. విషయం విని ఆయన అలవాటుగా, "తమ్ముడే కదా..." అని మొదలుపెట్టాడు. ఆవిడ తల తిప్పి చూసింది. ఆయన మిగతా మాట మింగేశాడు.

"గది ఖాళీ చెయ్యరా," అంది అత్తగారు. మెట్లెక్కుతూ ఒకసారి ఆగింది. అయినా కోడలి వైపు తిరగలేదు.

మేధావి కుర్చీలు ఒక్కొక్కటీ మడిచి బయటికి మోశాడు. అన్న చెయ్యి వేయబోతే ఆవిడ, "అతని సామాను అతను మోసుకుంటాడు," అంది. గడప దగ్గర అడ్డంగా నిలబడింది. ప్రతి కుర్చీకీ అతను ఆవిడ పక్కనుంచి ఒదిగి వెళ్ళాల్సి వచ్చింది.

ఆఖరి కుర్చీ పట్టుకుని ఆగాడు. "ఇప్పుడు తృప్తేనా వదినా?"

"ఇంకా లేదు," అంది ఆవిడ. "ప్రొజెక్టర్ ఆపకు. గీత ఇంకా సున్నాకి రాలేదు. వచ్చేదాకా కూర్చుని చూసి వెళ్ళు."

అతను కుర్చీ విప్పి, కూర్చున్నాడు.